లిక్విడ్ మెటల్ వేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

ల్యాప్‌టాప్ వేడెక్కుతోందని ఎక్కడ అడిగినా రెడీగా ఉండే సలహా ఒకటే: "లిక్విడ్ మెటల్ వెయ్ బ్రో!" మా రూమ్మేట్ అదే విని వేశాడు. మూడో వారానికి మదర్‌బోర్డ్ పోయింది. ఈఎంఐలు మాత్రం ఇంకా ఏడు ఉన్నాయి.

అసలేంటిది? గాలియం, ఇండియం, తగరం కలిపిన మిశ్రమం. గాలియం ఒక్కటే అయితే 30 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మిగతావి కలిపితే మామూలు రూమ్‌లోనే నీళ్లలా ఉంటుంది. లోహం కాబట్టి మామూలు థర్మల్ పేస్ట్ కంటే వేడిని చాలా బాగా లాగుతుంది. కానీ కరెంట్‌ని కూడా లాగుతుంది! చిప్ పక్కన చిన్న చుక్క జారినా షార్టే. హీట్‌సింక్ అల్యూమినియం అయితే మరీ ఘోరం. గాలియం లోపలికి దూరి దాన్ని బిస్కెట్‌లా పెళుసు చేసేస్తుంది.

"మరి 2020లో పీఎస్5లో సోనీ వాడిందిగా?" అంటారు. వాడింది. కానీ దానికోసం రెండేళ్లకు పైగా ప్రిపేర్ అయింది, బయటకి కారకుండా చిప్ చుట్టూ అడ్డు పెట్టింది. మన దగ్గరున్నది ఒక ఇయర్ బడ్, ఒక యూట్యూబ్ వీడియో.

నా ఉద్దేశంలో తప్పు లోహానిది కాదు, అది పారడానిది. అందుకే నా ఆశంతా జెల్స్ మీదే. మెటల్ జెల్స్‌లో ఒక రకం ఉంది. లోహ అయాన్లు, ఆర్గానిక్ అణువులు చేతులు పట్టుకుని వల అల్లుతాయి, ద్రవం అందులో చిక్కుకుంటుంది. ఆ బంధాలు తెగినా మళ్లీ కలుస్తాయి. ఇంకో రకంలో జెల్‌లోనే లోహాన్ని కలుపుతారు. 2023లో కార్నెగీ మెలన్ టీమ్ వెండి రేకులు, గాలియం మిశ్రమం బిందువులు కలిపిన జెల్‌ని నత్త లాంటి రోబోకి వైర్‌గా పెట్టింది. కట్ చేస్తే రోబో స్లో అయింది. ముక్కలు కలిపితే పూర్తిగా కాకపోయినా మళ్లీ స్పీడ్ అందుకుంది.

అది కరెంట్ కోసం చేసింది, కూలింగ్ కోసం కాదు. ల్యాబ్‌లో అతుక్కున్నది మన జేబులో మూడేళ్లు బతకాలంటే చాలా టెస్టులు దాటాలి. కాబట్టి రేపు ఎవరైనా "సెల్ఫ్ హీలింగ్" అని యాడ్ వేస్తే ముందు వారంటీ కార్డ్ చూడండి.

అప్పటిదాకా ఫ్యాన్‌లో దుమ్ము దులపండి, మంచి మామూలు పేస్ట్ వేయించండి. నాలుగు డిగ్రీలు ఎక్కువైతే ఏమైంది, బోర్డ్ బతికుంటే చాలు!