ఉట్నూరు గిట్టల జాడ

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పప్పు ఏ ఊరిదో ఇప్పుడు కాగితం మీద ఉంది. ట్రాక్టర్లు రాకముందు ఆ కంది చేలను తరతరాలుగా దున్నిన ఎద్దుకు మాత్రం అలాంటి కాగితం లేదు. సాక్ష్యం మాత్రం ఉంది, మన నేలలోనే.

తాండూరును ఒరుసుకుంటూ పారే కాగ్నా భీమలో కలుస్తుంది, భీమ కృష్ణలో. ఆ కృష్ణా తీరపు మక్తల్ ప్రాంతంలో ఉట్నూరు ఉంది (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు). 1957లో బ్రిటిష్ పురావస్తువేత్త రేమండ్ ఆల్చిన్ అక్కడ ఒక బూడిద దిబ్బను తవ్వారు. తీరా చూస్తే అది నాలుగు వేల ఏళ్లకు పైబడిన గొడ్ల దొడ్డి. కొయ్యలు పాతి దడి కట్టేవాళ్లు. లోపల పెంట పేరుకుపోతే తగలబెట్టేవాళ్లు, మళ్లీ దడి కట్టేవాళ్లు. అలా పొర మీద పొర. తవ్వకంలో పశువుల గిట్టల ముద్రలు కూడా బయటపడ్డాయి. వాన వెలిసిన మర్నాడు వికారాబాద్ పల్లెల్లో ఏ కొట్టం ముందైనా కనిపించే ముద్రలే అవి.

మరి ఆ మంద ఎక్కడిది? సింధు ప్రాంతం నుంచి తోలుకొచ్చినదా, దక్కన్ అడవి పశువుల రక్తమూ అందులో కలిసిందా? గిట్ట ముద్ర ఆ మాట చెప్పలేదు, ఎముకలోని డీఎన్ఏ చెప్పగలదు. మూపురం ఉన్న మన ఎద్దు, మూపురం లేని ఐరోపా ఎద్దు మనిషి మచ్చిక చేయడానికి ఎంతో ముందే వేరుపడ్డ జాతులని 1994లో డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి. 2019లో డబ్లిన్ శాస్త్రవేత్తల బృందం 67 ప్రాచీన పశువుల జన్యువులను చదివింది. సుమారు 4,200 ఏళ్ల కిందట, కరువు కాలంలో, మూపురం ఎద్దుల రక్తం పశ్చిమాసియా మందల్లో కలిసిందట. ముఖ్యంగా ఆబోతుల ద్వారా. దాదాపు అదే కాలంలో ఇక్కడ ఉట్నూరు దొడ్డి మండుతోంది! మన ఎద్దు కథను పశ్చిమాసియా ఎముకలు చెబుతుంటే వింటున్నాం. ఇదేం బాగోలేదు.

మన ఎండ, తేమ ఎముకలోని డీఎన్ఏను ముక్కలు చేస్తాయి, నిజమే. సింధు నాగరికత నాటి రాఖీగఢీలో 61 మానవ అస్థి నమూనాలను జల్లెడ పడితే ఒక్క మహిళ జన్యువే చిక్కింది. కానీ ఆ ఒక్కటే ఆ నాగరికతపై చర్చను మార్చేసింది. చెవి లోపలి గట్టి ఎముకలో డీఎన్ఏ ఎక్కువ కాలం నిలుస్తుందని ఇప్పుడు శాస్త్రవేత్తలకు తెలుసు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సు అస్థిపంజరాల డీఎన్ఏ అధ్యయనంలో పాలుపంచుకున్నవాళ్లే. పనితనానికి కొదవ లేదు. లోటల్లా ఎముక దొరికిన గంట నుంచి దాన్ని చూసుకునే పద్ధతిలో ఉంది.

తెలంగాణలో ఇకపై ఏ తవ్వకానికి అనుమతి ఇచ్చినా పశువుల ఎముకలకు డీఎన్ఏ పరీక్ష తప్పనిసరి చేయాలి. పాత తవ్వకాల ఎముకలనూ గోదాముల్లోంచి బయటికి తీయాలి. బూడిద దిబ్బలను ఎరువు కోసం బండ్లకెత్తిన కాలం ఒకటుంది, అది మళ్లీ రాకూడదు. చేను చదును చేసేటప్పుడు బూడిద పొరలో ఎముక కనిపిస్తే కడగకండి, ఉత్త చేతులతో ముట్టుకోకండి. పురావస్తు శాఖకు కబురు పెట్టండి.