రామతీర్థం కొండల కాలిబాటను పటంలోకి ఎక్కించండి



ఉత్తరాంధ్రలో పర్యాటకం అనగానే మన పత్రికలన్నీ అరకు వైపే తిరుగుతాయి. చలికాలం వస్తే లంబసింగి, వంజంగి మేఘాలు, బొర్రా గుహలు. రాయండి, తప్పులేదు. కానీ నెల్లిమర్ల స్టేషన్లో రైలు దిగి, ఒక నీళ్ల సీసా పట్టుకుని నడిచి వెళ్లి చూడగలిగిన కొండలు మా పక్కనే రామతీర్థంలో ఉన్నాయి. వాటి గురించి గుడి వార్త తప్ప ఇంకో వార్త రాదు. ఆ కొండలను కలిపే కాలిబాటను ప్రభుత్వం గుర్తించాలి, దారి పొడుగునా గుర్తులు పెట్టాలి, గ్రామ పటంలో ఎక్కించాలి. ఈ ఉత్తరం అందుకే. నేను రోడ్డు అడగడం లేదు. రోప్‌వే అయితే అసలే వద్దు.

తెలియని పాఠకుల కోసం కొంచెం చెబుతాను. రామతీర్థంలో మూడు కొండలు ప్రధానం. బోడికొండ పేరుకు తగ్గట్టే నున్నటి బండ, చెట్టూ చేమా తక్కువ. దీన్నే నీలాచలం అని కూడా అంటారు. పైన కోదండరాముడి గుడి, కొలను. పక్కన గురుభక్తులకొండ, బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. మూడోది దుర్గకొండ. దాని గుహలో జైన విగ్రహాలున్నాయి. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలం నాటి కన్నడ శాసనం కూడా అక్కడే ఉంది. ఆ రాజు ఏలింది 11వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో. ఆయన గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన ఆచార్యుడు ఈ కొండకు వచ్చి మొక్కిన సంగతి అందులో ఉంది. రాముడు, బుద్ధుడు, తీర్థంకరులు, ముగ్గురినీ ఒకే రోజు కాలినడకన చూడగలిగిన చోట్లు మన రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి.

మూడింటిలో నాకు గురుభక్తులకొండ అంటే ఎక్కువ ఇష్టం. సుమారు ఐదువందల అడుగుల ఎత్తులో కొండకు ఉత్తరపు వైపున ఒక సన్నటి చదును నేల ఉంటుంది. ఒక పక్క నిలువు రాతిగోడ, ఇంకో పక్క లోయ. ఆ ఇరుకులోనే స్తూపం, చైత్యాలు, విహారం గదులు వరసగా కట్టుకున్నారు. ఇప్పుడు మిగిలినవి ఇటుక పునాదులు. ఇప్పటి బట్టీ ఇటుకను పక్కన పెడితే ఆ ఇటుక ముందు పిల్లలా ఉంటుంది. గడ్డి పక్కకు నెట్టి చూస్తే గది గోడ ఎక్కడ తిరిగిందో, గుమ్మం ఎక్కడ ఉందో కంటికి ఆనుతుంది. గత శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వించాడు. దొరికిన మట్టిముద్ర మీద శివమక విజయరాజు పేరూ శైలసంఘం పేరూ ఉన్నాయి. అక్కడ నిలబడి కింద పరుచుకున్న వరిమళ్లు, చెరువులు, తాటితోపులు చూస్తే, వర్షాకాలమంతా కదలకుండా ఉండిపోవడానికి ఆ భిక్షువులు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయితే అక్కడికి దారి ఏది? గొర్రెల కాపరులు, కట్టెలకు వెళ్లేవాళ్లు నడిచిన తోవ ఒకటి ఉంది. తుప్పలు పెరిగితే అదీ కనబడదు. రెండు చోట్ల చీలుతుంది. తెలియనివాడు ఎడమకు పోతే జీడితోటలో తేలతాడు. మిత్రుడు ఒకాయన హైదరాబాదు నుంచి చుట్టాలను తీసుకొచ్చి, గంటసేపు ముళ్లతుప్పల్లో తిరిగి, కొండ ఎక్కకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. ఆ చీలిక దగ్గర బండమీద సున్నంతో ఒక బాణం గుర్తు వేసి ఉంటే సరిపోయేది.

ఆ బాణం గుర్తు వేసే నాథుడే లేడు. బోడికొండ మీది గుడి దేవాదాయ శాఖది. గురుభక్తులకొండ, దుర్గకొండ శిథిలాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. చుట్టూ భూమి కొంత రెవెన్యూది, కొంత అటవీ శాఖది, మిగిలింది రైతులది. కొండలకు యజమానులు పలువురున్నారు, మధ్యలో బాట మాత్రం ఎవరికీ చెందదు. ఎవరిని అడిగినా వేలు పక్క ఆఫీసు వైపు చూపిస్తుంది.

దీనికి మా ఊళ్లోనే అభ్యంతరాలు చెప్పేవాళ్లున్నారు. మొదటిది, గట్టిది: 2020 డిసెంబరు. బోడికొండ మీద రాముడి విగ్రహాన్ని ఎవరో ధ్వంసం చేశారు. తల కొండమీది కొలనులో దొరికింది. ఆ వారం మా మండలం నిద్రపోలేదు. తర్వాత 2022లో కొత్త రాతి ఆలయంలో ప్రతిష్ఠ జరిగింది. అప్పటినుంచి ‘కొండమీదకు రాకపోకలు పెంచడమేమిటి, తగ్గించాలి గానీ’ అనే మాట వింటున్నాను. నాకు దీని తర్కం అర్థం కాదు. జనం తిరిగే చోట ఆ పని చేయలేరు, నిర్మానుష్యంగా ఉన్న చోటే చేశారు. కెమెరాలు, కంచెలు పెట్టండి, కాదనను. కానీ రోజూ పొద్దున్నా సాయంత్రం పదిమంది నడిచే కొండమీద కొత్త మనిషి కనిపిస్తే ‘ఎవరు బాబూ’ అని అడిగేవాడు ఉంటాడు. ఆ పని కెమెరా చేయదు.

రెండో అభ్యంతరం: దారి వేస్తే తాగుబోతులు వస్తారు, కొండంతా సీసాలు, ప్లాస్టిక్కు నింపుతారు. వస్తారు, నిజమే. కానీ వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో చూడండి. బండి ఎక్కడిదాకా వెళ్తుందో సీసా అక్కడిదాకా వెళ్తుంది. కొండ మొదట్లో, బండి ఆగే చోట చెత్త పోగులు కనబడతాయి. పైన భిక్షువుల గదుల దగ్గర అంత ఉండదు. ముప్పావుగంట చెమట కక్కుతూ ఎక్కేవాడికి సీసాల సంచీ మోసే ఓపిక ఉండదు. అందుకే రోడ్డు వద్దంటున్నాను. పైగా రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధమని, ఆపై రెండువందల మీటర్ల వరకు అనుమతి కావాలని 2010 నాటి చట్ట సవరణ చెబుతోంది. రిసార్టు, వ్యూపాయింటు, సిమెంటు మెట్లు అంటే ఫైలు ముందుకు కదలదు. ఉన్న మట్టి బాటకు గుర్తులు పెట్టడానికి పునాది తవ్వనక్కర్లేదు.

మూడోది ప్రమాదం. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వానాకాలం బోడికొండ బండమీద నల్లటి పాకుడు పడుతుంది. దిగేటప్పుడు కాలు జారితే పట్టుకోవడానికి కొమ్మ కూడా దొరకదు. ఎండాకాలం గడ్డి ఎండి నిప్పురవ్వ కోసం ఎదురు చూస్తుంటుంది. తమిళనాడులో 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. అంత ఘోరం జరిగాక కూడా ఆ రాష్ట్రం కొండలకు తాళం వేసి ఊరుకోలేదు. 2024 అక్టోబరులో అటవీ శాఖే 40 దారులను ప్రకటించి, ముందుగా పేరు నమోదు చేసుకుంటేనే పంపుతూ, స్థానికులను, గిరిజనులను దారి చూపేవాళ్లుగా పెట్టింది. మన దగ్గర విశాఖ కంబాలకొండలో అటవీ శాఖ నడక దారులు ఉండనే ఉన్నాయి. అంటే పద్ధతి తెలియక కాదు. మూడు కొండలూ తెలిసిన కుర్రాళ్లు రామతీర్థంలో వీధికి ఇద్దరున్నారు. జూట్‌మిల్లు లాకౌట్లతో నలిగిన మండలం మాది. వాళ్లలో నలుగురికి వారాంతాల్లో కూలి గిట్టినా అది చిన్న విషయం కాదు.

కొండలు నడవడం పట్నం వాళ్ల ఫ్యాషను అని నవ్వేవాళ్లకు ఒక మాట. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరిప్రదక్షిణకు 32 కిలోమీటర్లు లక్షల మంది చెప్పుల్లేకుండా నడుస్తారు. రామతీర్థంలో ముక్కోటి ఏకాదశికి గిరిప్రదక్షిణ ఉంది. శివరాత్రి జాతర సంగతి చెప్పనే అక్కర్లేదు. నడక మనకు కొత్త కాదు. పండగ వెళ్లిన మర్నాడు ఆ దారిని పట్టించుకునేవాళ్లు లేకపోవడమే మన కరువు.

బాట ఒక్క కొండలకే పరిమితం కాకూడదని కూడా నా కోరిక. ఆండ్ర కొండల్లో పుట్టిన చంపావతి గజపతినగరం మీదుగా మా ఊరి పక్కనుంచి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ ఇసుకలోని ఊట నీళ్లు విజయనగరం పట్టణానికి వెళ్తాయి. సారిపల్లి దగ్గర గట్టు మీద దిబ్బేశ్వరుడి పాత గుడి ఉంది. చిన్న గుడి, చెక్కడం చూడముచ్చటగా ఉంటుంది. నది వెంట నడిచేవాళ్లుంటే ఇసుక గుంట ఎక్కడ ఎంత లోతు తవ్వారో, ఏ గెడ్డలోంచి మురుగు కలుస్తోందో నలుగురి కంట పడుతుంది. కారు అద్దంలోంచి ఇవేవీ కనబడవు.

ఇక అసలు సంగతి, పటం. ఇంగ్లండులో 1949లో చట్టం చేసి, ప్రతి కౌంటీ తన పరిధిలో జనం నడిచే బాటలన్నీ పటంలో గీయాలని శాసించారు. పటంలోకి ఎక్కిన బాటను పొలం యజమాని కూడా మూసెయ్యలేడు. మనకూ అలాంటి ఏర్పాటు పూర్వం నుంచి ఉంది. పాత గ్రామ పటాల్లో బండిదారి, కాలిబాట వేర్వేరు చుక్కల గీతలతో ఉంటాయి. డొంకలు రస్తా పోరంబోకుగా నమోదయ్యాయి. ఆ గీతలు ఉన్నంతకాలం కంచె వేసినవాణ్ణి నిలదీయవచ్చు. భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని మా చుట్టుపక్కల సెంటు ధర ఎలా పెరుగుతోందో అందరికీ తెలుసు. లేఅవుట్ రాళ్లు పాతే వేగం ముందు కాలిబాట ఒక లెక్క కాదు. కంకర కోసం కొండలకు కొండలే కరిగిపోతున్న ప్రాంతం మాది. కాగితం మీద లేని దారి ఒక్క వేసవిలో మాయమవుతుంది.

రాష్ట్రంలో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. పొలం హద్దులు సెంటీమీటర్లలో కొలుస్తున్నారు. సంతోషం. అదే చేత్తో కొండకు, నదికి, శ్మశానానికి వెళ్లే కాలిబాటలు కూడా కొలిచి రాయమని సర్వే శాఖను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. విజయనగరం జిల్లా కలెక్టరు గారు దేవాదాయ, పురావస్తు, అటవీ, రెవెన్యూ అధికారులను ఒక్కపూట రామతీర్థం పిలిపించి, ఆ బాట వెంట నడిపిస్తే చాలు. ఏ గుర్తు ఎక్కడ కావాలో నడిచినవాళ్లకే తెలుస్తుంది. ఎండాకాలం రాకముందే ఆ నడక అయిపోవాలి.

పాఠకులకూ ఒక మనవి. మీ ఊరి సచివాలయానికి వెళ్లి గ్రామ పటం చూపించమనండి. మీ తాతలు నడిచిన బాట అందులో లేకపోతే గ్రామసభలో లేచి అడగండి, అర్జీ రాసి రసీదు తీసుకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నెల్లిమర్ల, విజయనగరం జిల్లా