లావు తగ్గించే ఆపరేషను: ముందు బిడ్డను అడగండి



ఆరాధన ముగిసి అందరూ వెళ్లిన తరువాత కొందరు తలిదండ్రులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, మా బిడ్డకు పదహారేళ్లకే వంద కిలోలు దాటింది. ఆపరేషను చేసి లావు తగ్గిస్తారట. చేయించవచ్చా? దేవుడిచ్చిన శరీరాన్ని కోయించడం తప్పవుతుందా?" ఈ నెల ఈ సంగతే మాట్లాడుకుందాము. నేను వైద్యుణ్ణి కాను. చేయించమనీ, మానమనీ చెప్పే అధికారము నాకు లేదు. అయితే నిర్ణయానికి ముందు ప్రతి కుటుంబము తెలిసికోవలసిన సంగతులు కొన్ని ఉన్నవి.

మొదట నింద సంగతి. మన ఇండ్లలోను, సంఘములోను లావుగా ఉన్న బిడ్డను చూడగానే "తిండిబోతు" అంటాము. "పీపా" అని పేరు పెడతాము. క్రిస్మసు నాటికలో ఆ బిడ్డకు ఎప్పుడూ నవ్వించే వేషమే ఇస్తాము. మన ప్రభువును కూడా తిండిబోతని నిందించిన వారున్నారని సువార్తలలో చదువుతున్నాము. ఆ మాట ఎంత తేలికగా నోట వస్తుందో దానినిబట్టి గ్రహించవచ్చు.

తీవ్రమైన ఊబకాయము కేవలము నోరు కట్టుకోలేక వచ్చేది కాదు. వంశములో వచ్చే గుణము, నిద్ర చాలకపోవడము, ఆటలు లేకపోవడము, చవకగా దొరికే నూనె తిండి, తీపి పానీయాలు, కొన్ని రకాల మందులు, ఇవన్నీ కలిసి పని చేస్తాయి. పైగా బరువు తగ్గడం మొదలు కాగానే శరీరము ఆకలిని పెంచుతుంది, తాను ఖర్చు చేసే శక్తిని తగ్గిస్తుంది. తొట్టిలో నీళ్లు తగ్గగానే బంతి వాల్వు తెరచుకొని మళ్లీ నింపినట్లు, పోయిన బరువును తిరిగి తెచ్చుకోవాలని చూస్తుంది. అందుకే కంచము లాగేసినంత మాత్రాన, బలవంతముగా ఉపవాసము పెట్టినంత మాత్రాన ఈ బిడ్డలు సన్నబడరు. ఆకలితోపాటు అవమానము మిగులుతుంది, అంతే.

ఇక ఆపరేషను ఎవరికి? కాస్త బొద్దుగా ఉన్న పిల్లలకు ఆ మాటే అక్కరలేదు. వైద్యులు బి.ఎం.ఐ. అనే లెక్క చూస్తారు. కిలోలలో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే ఆ అంకె వస్తుంది. 160 సెంటీమీటర్ల ఎత్తున్న బిడ్డ 90 కిలోలుంటే అది 35 దాటుతుంది. 102 కిలోలుంటే దాదాపు 40 అవుతుంది. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘము 2023 జనవరిలో కొన్ని సూచనలు ఇచ్చింది. 13 ఏళ్లు నిండి, అంకె 35 దాటి, షుగరు, బి.పి., నిద్రలో ఊపిరి ఆగడము వంటి జబ్బున్న వారిని ఆపరేషను నిపుణుల వద్దకు పరీక్షకు పంపవచ్చునని, 40 దాటితే జబ్బు లేకున్నా పంపవచ్చునని ఆ సూచనల సారాంశము. పిల్లలకు వయస్సునుబట్టి, ఆడ మగ తేడానుబట్టి వేరే పట్టికలు కూడా ఉన్నవి గనుక చివరి లెక్క వైద్యులే చూడాలి.

ఈ ఆపరేషను అంటే కొవ్వును కోసి తీయడము కాదు. ఎక్కువగా చేసే స్లీవ్ అనే పద్ధతిలో పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి, జీర్ణాశయములో సుమారు 80 శాతము తీసివేసి, మిగిలినది అరటికాయ ఆకారములో గొట్టముగా ఉంచుతారు. కొద్దిగా తినగానే కడుపు నిండుతుంది. ఆకలి పుట్టించే హార్మోను కూడా తగ్గుతుంది. తీసిన భాగాన్ని మళ్లీ పెట్టడము కుదరదు. బైపాస్ అనే మరొక పద్ధతిలో జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి, పేగును దానికి కలుపుతారు.

ఫలితము నిలుస్తుందా? అమెరికాలో ఈ ఆపరేషను చేయించుకున్న పిల్లలను టీన్-ల్యాబ్స్ అనే అధ్యయనములో ఏండ్ల తరబడి గమనించారు. 260 మంది పదేండ్ల సంగతి 2024లో ప్రచురించారు. సగటున వారి బి.ఎం.ఐ. 20 శాతము తగ్గి నిలిచింది. మొదట షుగరు ఉన్నవారిలో 55 శాతము మందికి పదేండ్ల తరువాత అది వెనుకపట్టి ఉన్నది. ఇది చిన్న మేలు కాదు. అయితే మిగిలిన 45 శాతము మందికి ఆ మేలు నిలవలేదని కూడా చదువుకోవాలి.

"పెద్దయ్యాక చూద్దాములే" అనడము కూడా ఒక నిర్ణయమే. చిన్న వయస్సులో టైపు-2 షుగరు వచ్చిన వారిని గమనించిన మరొక అమెరికా అధ్యయనము 2021లో వెలువడింది. సగటున 26 ఏళ్లు వచ్చేసరికే వారిలో 60 శాతము మందికి మూత్రపిండాలలోనో, కండ్లలోనో, నరాలలోనో ఏదో ఒక హాని కనబడింది.

మరి భారము సంగతి. టీన్-ల్యాబ్స్‌లోనే మూడేండ్లకు 57 శాతము మందిలో ఇనుము నిల్వలు తగ్గిపోయినవి. 13 శాతము మందికి కడుపులో మరొక చికిత్స అవసరమైనది. బి-12, ఇనుము, కాల్షియము, డి విటమిను మాత్రలు జీవితాంతము వేసుకోవాలి. ఏటేటా రక్త పరీక్ష చేయించాలి. పప్పు, గుడ్డు, చేప వంటివి ముందు తిని, అన్నము తరువాత తినాలి. వాంతులు ఆగకపోతే ఇంటి వైద్యము చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లేనియెడల బి-1 విటమిను తగ్గి నరాలు దెబ్బతింటాయి. ఆడపిల్లలకు కనీసము ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భము రాకూడదు. కనుక "ఆపరేషను చేయించి ఈ ఎండాకాలములోనే పెళ్లి చేసేద్దాము" అనుకునేవారు అక్కడే ఆగండి. పెళ్లిసంబంధము కుదరడానికి చేసే ఆపరేషను కాదిది.

బరువు తగ్గించే వారపు ఇంజక్షను ఒకటి 2022 డిసెంబరులో అమెరికాలో 12 ఏళ్లు దాటిన వారికి అనుమతి పొందినది. దాని సంగతి కూడా వైద్యుణ్ణి అడగండి. ఆపితే బరువు తిరిగి రావడము మామూలు.

డబ్బు సంగతి ముందే చూసుకోండి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన నిబంధనలో ఈ ఆపరేషను ఖర్చుకు 18 ఏళ్లు నిండి ఉండాలని ఉన్నది. మీ పాలసీ కాగితము చదివించుకొని, తరువాతనే ఆసుపత్రి మెట్లెక్కండి. పొలము అమ్మవలసి వస్తే, ఆపరేషను తరువాతి మాత్రలకు, పరీక్షలకు ఏమి మిగులుతుందో లెక్క వేయండి.

ఇన్ని చెప్పినది ఒక్క మాట కోసమే. 18 ఏళ్ల లోపు బిడ్డకు సంతకము పెట్టేది తలిదండ్రులు. ఆ చిన్న కడుపుతో యాభై అరవై ఏళ్లు బ్రతకవలసినది బిడ్డ. కాబట్టి ముందు బిడ్డను అడగండి. బంధువుల ఎదుట కాదు, ఒంటరిగా కూర్చోబెట్టుకొని, తిట్టకుండా అడగండి. "నీకు ఏమి కష్టముగా ఉన్నదమ్మా? మెట్లెక్కితే ఆయాసమా, బడిలో వెక్కిరింపా? మాత్రలు రోజూ వేసుకోగలవా? నీకు ఇష్టమేనా?" అని అడగండి. వద్దంటే ఆ మాట వినండి. కావాలంటే వైద్యుణ్ణి కూడా బిడ్డతో విడిగా మాట్లాడనివ్వండి. మనస్సు కుంగి ఉన్నదేమో కూడా చూడమనండి.

సంఘమునకు కూడా పని ఉన్నది. ఆపరేషను అయిన బిడ్డ ప్రేమవిందుకు వస్తే కొసరి కొసరి వడ్డించకండి. "ఏమిటమ్మా, తినడం లేదు?" అని పదిమందిలో అడగకండి. "ఎన్ని కిలోలు తగ్గావు?" అని ప్రతి ఆదివారము తూకము వేయకండి. ఆపరేషను వద్దనుకున్న బిడ్డను కూడా నిన్నటి పేరుతో పిలవకండి. దానికి తలిదండ్రులు పెట్టిన పేరు ఒకటున్నది. ఈ ఆదివారమునుండి ఆ పేరుతోనే పిలవండి.