ఒక ల్యాప్ చాంపియన్లు రెండో ల్యాప్‌లో నిలవగలరా? బోల్ నిర్ణయం వెనుక లెక్కలు

నెదర్లాండ్స్ అథ్లెట్ ఫెంకె బోల్ 2025 సెప్టెంబర్‌లో టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 400 మీటర్ల హర్డిల్స్ స్వర్ణాన్ని నిలబెట్టుకుంది. సమయం 51.54 సెకన్లు. అక్టోబర్ వచ్చేసరికి అందరికీ షాక్ ఇచ్చింది. హర్డిల్స్ పక్కన పెట్టేసి ఇక 800 మీటర్లు పరుగెత్తుతానని ప్రకటించింది. వయసు 25. మహిళల 400 హర్డిల్స్ చరిత్రలో 51 సెకన్లలోపు పరుగు పూర్తి చేసింది ఇద్దరే ఇద్దరు. ఒకరు అమెరికాకు చెందిన సిడ్నీ మెక్‌లాఫ్లిన్ (50.37), రెండో వ్యక్తి బోల్ (50.95). సిడ్నీ ఆ సీజన్‌లో హర్డిల్స్ వదిలి మామూలు 400కు వెళ్లిపోయింది. అంటే బోల్‌కు ఎదురే లేదు. అలాంటి సమయంలో చేతిలో ఉన్న టైటిల్ వదిలి కొత్త పోటీకి ఎందుకు వెళ్లినట్టు? వెళ్తే నెగ్గుకొస్తుందా?

చూడ్డానికి తేలికగానే ఉంటుంది. 800 అంటే ట్రాక్ మీద రెండు రౌండ్లు. ఒక రౌండు అందరికంటే వేగంగా వచ్చేవారికి రెండు రౌండ్లు పెద్ద కష్టమేంటి అనిపిస్తుంది. బోల్ ఇండోర్ ట్రాక్‌పై 400 మీటర్లను 49.17 సెకన్లలో పూర్తి చేసి 2024లో ప్రపంచ రికార్డు కొట్టింది. పారిస్ ఒలింపిక్స్ 800 విజేత, బ్రిటన్‌కు చెందిన కీలీ హాడ్జ్‌కిన్సన్ 400లో 51 సెకన్ల లోపు రాలేదు. వేగంలో ఇద్దరికీ రెండు సెకన్లకు పైగా తేడా ఉంది.

అయితే శరీరం లెక్క వేరు. ఒక ల్యాప్ పరుగులో ఖర్చయ్యే శక్తిలో సగానికి పైగా ఆక్సిజన్ అవసరం లేకుండా కండరాల్లో అప్పటికప్పుడు పుట్టేదే. అది అప్పు లాంటిది. 400 పరుగెత్తేవాళ్లు అప్పు తీర్చే టైమ్ వచ్చేలోపే గీత దాటేస్తారు. 800లో ఆ వీలు లేదు. అక్కడ సుమారు మూడింట రెండు వంతుల శక్తి ఊపిరి మీదే రావాలి. 500 మీటర్లు దాటాక కాళ్లు బరువెక్కడం మొదలవుతుంది. 600 దగ్గర అప్పులవాడు తలుపు తడతాడు. అక్కడి నుంచి చివరి 200 మీటర్లలోనే పతకాలు చేతులు మారతాయి.

దీన్ని అంచనా వేయడానికి ఒక చిన్న లెక్క ఉంది. అథ్లెట్ అత్యుత్తమ 400 సమయాన్ని రెట్టింపు చేసి, దాన్ని అతని 800 సమయంలోంచి తీసేయాలి. మిగిలిన తేడా ఎంత తక్కువైతే ఆ మనిషిలో అంత దమ్ము ఉన్నట్టు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 1 నిమిషం 40.91 సెకన్ల ప్రపంచ రికార్డు పెట్టిన కెన్యా వీరుడు డేవిడ్ రుడిషా 400 సమయం 45.50. తేడా సుమారు 10 సెకన్లు. బ్రిటన్‌కు చెందిన సెబాస్టియన్ కో 400లో 46.87, 800లో 1:41.73. తేడా 8 సెకన్లే. వీళ్లు పుట్టుకతోనే మిడిల్ డిస్టెన్స్ మనుషులు.

ఇప్పుడు 400 నుంచి వచ్చినవాళ్లను చూద్దాం. క్యూబాకు చెందిన అల్బెర్టో హువాన్టొరెనా 400లో 44.26, 800లో 1:43.44. తేడా దాదాపు 15 సెకన్లు. అదే దేశానికి చెందిన ఆనా కిరోట్‌కు 15.2. టోక్యో ఒలింపిక్స్ 800 విజేత, అమెరికా అమ్మాయి అథింగ్ మూకు 15.8. చెక్ అథ్లెట్ యార్మిలా క్రతోచ్‌విలోవాకు 17.3. 1993లో 400 ప్రపంచ చాంపియన్ అయ్యి, తర్వాత 800కు మారిన అమెరికా అథ్లెట్ జెర్ల్ మైల్స్ క్లార్క్‌కు 17.6. ఆమె 1999లో 1:56.40తో అమెరికా రికార్డు అయితే పెట్టింది గానీ, ప్రపంచ చాంపియన్‌షిప్ 800 స్వర్ణం మాత్రం దక్కలేదు.

ఈ లెక్కను బోల్‌కు వర్తింపజేస్తే విషయం తేలిపోతుంది. ఆమె 400 సమయం రెట్టింపు చేస్తే 98.34 సెకన్లు. టోక్యోలో 2025 ప్రపంచ చాంపియన్‌షిప్ 800 ఫైనల్‌ను కెన్యాకు చెందిన లిలియన్ ఒడిరా 1:54.62తో గెలిచింది. మూడో స్థానానికి కూడా 1:54.91 పట్టింది. అంటే ఇప్పుడు పతకం కావాలంటే 1:55 లోపు రావాల్సిందే. బోల్ తేడా 16.5 సెకన్లకు మించకూడదు. కిరోట్‌లా 15.2కు తెచ్చుకుంటే 1:53.5 వస్తుంది, ప్రపంచ రికార్డు పక్కనే నిలబడినట్టు. మైల్స్ క్లార్క్‌లా 17.6 దగ్గర ఆగిపోతే 1:55.9. మంచి టైమే, కానీ పోడియం దూరం. 20 దాటితే ఫైనల్ చేరడమే గగనం. మొత్తం కథ మూడు నాలుగు సెకన్ల మధ్య నడుస్తోంది.

పైన చెప్పిన పేర్లన్నీ 800లో పేరు తెచ్చుకున్నవాళ్లవే. ప్రయత్నించి వెనక్కి వెళ్లినవాళ్ల తేడాలు ఎవరూ రాసిపెట్టరు. కాబట్టి 15, 16 అనేవి సగటు అంకెలు కావు, నెగ్గినవాళ్ల అంకెలు మాత్రమే.

మహిళల 800 ప్రపంచ రికార్డు 1:53.28 కూడా ఒక 400 అథ్లెట్ పేరు మీదే ఉండటం విశేషం. క్రతోచ్‌విలోవా 1983 జులైలో మ్యూనిచ్‌లో పెట్టిన రికార్డు అది. తర్వాత రెండు వారాలకే హెల్సింకి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 400, 800 రెండూ గెలిచింది. 400లో 47.99తో మరో ప్రపంచ రికార్డు. తూర్పు యూరప్ దేశాల డోపింగ్ కాలం కాబట్టి ఆ రికార్డుపై అనుమానాలు పోలేదు. ఆమె మాత్రం ఏ పరీక్షలోనూ పట్టుబడలేదు. అందుకే ఆ రికార్డును చూపించి ‘400 వాళ్లు 800 గెలుస్తారు’ అని వాదించడం కాస్త జాగ్రత్తగా చేయాల్సిన పని.

మాంట్రియల్‌లో మన శ్రీరామ్ సింగ్

హువాన్టొరెనా కథలో మాత్రం మన దేశానికి నేరుగా వాటా ఉంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌కు ముందు అతను 400 మనిషే. 800లో అనుభవం నామమాత్రం. పోలండ్ నుంచి వచ్చిన కోచ్ ఒప్పించి దింపాడు. ఫైనల్లో మొదటి ల్యాప్ నడిపించింది ఎవరో తెలుసా? భారత సైన్యానికి చెందిన శ్రీరామ్ సింగ్. 50.85 సెకన్లలో 400 దాటించాడు. హువాన్టొరెనా అతని భుజం పక్కనే ఉండి, రెండో ల్యాప్‌లో దూసుకెళ్లి 1:43.50తో ప్రపంచ రికార్డు పెట్టాడు. నాలుగు రోజులకు 400 కూడా గెలిచాడు. ఒకే ఒలింపిక్స్‌లో ఈ రెండూ గెలిచిన పురుషుడు ఇప్పటికీ అతనొక్కడే. ఆ వేగం శ్రీరామ్ వల్లే వచ్చిందని హువాన్టొరెనా తర్వాత ఒప్పుకున్నాడు.

శ్రీరామ్ ఏడో స్థానంలో వచ్చినా 1:45.77 టైమ్ 42 ఏళ్లు జాతీయ రికార్డుగా నిలిచింది. 2018లో జిన్సన్ జాన్సన్ దాన్ని దాటాడు. శ్రీరామ్‌ను తీర్చిదిద్దిన కోచ్ మహమ్మద్ ఇలియాస్ బాబర్. గీతా జుట్షి, చార్లెస్ బొరోమియో కూడా ఆయన శిష్యులే. ద్రోణాచార్య అవార్డు అందుకున్న ఈ ఉస్తాద్ పేరు ఈ తరంలో ఎంతమందికి తెలుసో మరి.

మన దగ్గర హర్డిల్స్‌కు, 800కు మరో బంధం ఉంది. 1984 లాస్ ఏంజెలెస్‌లో సెకనులో వందో వంతు తేడాతో 400 హర్డిల్స్ కాంస్యం చేజార్చుకున్న పి.టి.ఉష తర్వాత కోచ్‌గా తయారు చేసిన స్టార్ టింటు లూకా 800 అథ్లెట్. 2010లో 1:59.17తో జాతీయ రికార్డు పెట్టింది. ఆమె పరుగు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మొదటి నుంచీ ముందే ఉంటుంది, చివర్లో పట్టుబడుతుంది. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లోనూ ముందుండి నడిపించి, ఆఖర్లో కజకిస్థాన్ అథ్లెట్‌కు స్వర్ణం వదులుకుంది. ఒక ల్యాప్ బుద్ధితో రెండు ల్యాపులు పరుగెత్తితే ఏమవుతుందో చెప్పే పాఠం అది.

లేన్ వదిలాక అసలు పరీక్ష

దమ్ము ఒక్కటే కాదు, ఇంకో చిక్కుంది. 400లో, హర్డిల్స్‌లో ఎవరి లేన్ వారిది. పక్కవాడు తగలడు, దారి అడ్డం రాడు. హర్డిలర్ అయితే అడుగులు కూడా లెక్కపెట్టుకునే పరుగెత్తుతాడు. 800లో మొదటి మలుపు దాటగానే అందరూ లోపలికి వచ్చేస్తారు. మోచేతులు, స్పైకులు, గుంపులో ఇరుక్కోవడం అన్నీ ఉంటాయి. 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో మన షైనీ అబ్రహం ముందంజలో ఉండి కూడా, గీత రాకముందే లేన్ దాటినందుకు అనర్హురాలైంది. అంత దగ్గరకొచ్చిన స్వర్ణం పోయింది. అథింగ్ మూ అయితే 2024 అమెరికా ఒలింపిక్ ట్రయల్స్ ఫైనల్లో గుంపులో కింద పడిపోయి, పారిస్‌లో టైటిల్ కాపాడుకునే అవకాశమే కోల్పోయింది. హర్డిల్స్ రాణి బోల్‌కు ఈ తోపులాట పూర్తిగా కొత్త.

అలాగని ఆమె ఉత్త చేతులతో రావడం లేదు. 2023లో బోస్టన్‌లో ఇండోర్ 500 మీటర్లు 1:05.63లో పరుగెత్తింది. ఒక ల్యాప్ దాటాక కూడా కాళ్లలో జీవం ఉంటుందనడానికి అదే సాక్ష్యం. పారిస్ మిక్స్‌డ్ రిలేలో ఆఖరి ల్యాప్‌ను 47.93లో చుట్టి నాలుగో స్థానం నుంచి స్వర్ణానికి చేర్చింది. పది హర్డిల్స్ దాటుతూ అలసిన కాళ్లతో లయ తప్పకుండా పరుగెత్తడం ఆమెకు అలవాటే. ఇక్కడే మామూలు 400 అథ్లెట్ కంటే హర్డిలర్‌కు 800 కాస్త దగ్గర అనిపిస్తుంది. కానీ ఊపిరి బలం ఒక్క శీతాకాలంలో రాదు. పరుగు కిలోమీటర్లు పెంచాలి, తొందరపడి పెంచితే మడమ, పిక్కల గాయాలు పొంచి ఉంటాయి. మొదటి ఏడాది ఫైనల్స్ ఆశించవచ్చు, పతకమైతే బోనస్ అనుకోవాలి. ప్రపంచ రికార్డు మాట ఇప్పుడే ఎత్తడం తొందరపాటు.

పురుషుల్లో ఇలా మారేవాళ్లు కనిపించకపోవడానికి కారణం భయం కంటే లెక్కే. దక్షిణాఫ్రికాకు చెందిన వేడ్ వాన్ నీకెర్క్ 43.03ను రెట్టింపు చేసి 15 కలిపితే 1:41 వస్తుంది, కాగితం మీద. కానీ 400 చాంపియన్‌కు పేరు, మీట్‌ల పారితోషికం, రిలే పతకం అన్నీ చేతిలో ఉంటాయి. అవి వదిలి ఎవరొస్తారు? టోక్యో ఒలింపిక్స్ 800 గెలిచిన కెన్యా అథ్లెట్ ఎమ్మాన్యుయెల్ కొరిర్ 400 టైమ్ 44.21, హువాన్టొరెనా కంటే మెరుగు. అయితే అతను రెండూ కలిపి సాధన చేస్తూ పెరిగినవాడు, మధ్యలో మారినవాడు కాదు.

మన దేశంలోనూ పరిస్థితి ఇదే. మంచి 400 అమ్మాయి దొరికితే వెంటనే రిలే జట్టు గుర్తొస్తుంది. పారిస్ ఒలింపిక్స్ 4×400 రిలేలో తణుకుకు చెందిన దండి జ్యోతికశ్రీ, హర్డిలర్ విత్యా రామ్‌రాజ్ ఇద్దరూ ఉన్నారు. ఉష 55.42 జాతీయ రికార్డును 2023 హాంగ్‌ఝౌలో సమం చేసింది ఈ విత్యానే. రిలేకు నలుగురు దొరకడమే కష్టమైన చోట, ఒకరిని 800కు పంపి రెండేళ్లు ఓపిక పట్టే కోచ్ ఎక్కడుంటాడు? బోల్ వెనుక ఏళ్లుగా ఒకే కోచ్ లోరాన్ మ్యూలీ ఉన్నాడు, ఓడిపోయినా కెరీర్ పోని పేరుంది.

2026 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో యూరోపియన్ చాంపియన్‌షిప్ జరగనుంది. హాడ్జ్‌కిన్సన్‌కు సొంత గడ్డ. అక్కడ బోల్ మొదటి ల్యాప్ ఎంతలో వచ్చిందన్నది పెద్ద విషయం కాదు, ఆమెకు 56 సెకన్లు జాగింగ్ లాంటిదే. చూడాల్సింది 600 మీటర్ల దగ్గర గడియారాన్ని, అక్కడి నుంచి ఆమె భుజాలను.