ట్యాంకుకు ఊపిరాడకపోతే..!

సాలీడు గూడు కట్టిందని వేలకొద్దీ కార్లను వెనక్కి పిలిపించారంటే నమ్ముతారా? అమెరికాలో అదే జరిగింది. 2011లో మజ్దా కంపెనీ అక్కడ అమ్మిన మజ్దా6 కార్లను వర్కుషాపులకు రప్పించింది. ఎల్లో శాక్ స్పైడర్ అనే బుల్లి సాలీడు పెట్రోలు ట్యాంకుకు గాలి అందించే సన్నటి గొట్టంలో దూరి గూడు అల్లేస్తోందట. దానికి పెట్రోలు వాసనంటే మోజని చెప్పుకున్నారు. గాలిదారి మూసుకుపోతే ట్యాంకు పగుళ్లిచ్చి పెట్రోలు కారొచ్చు, నిప్పూ అంటుకోవచ్చు మరి.

ఇలాంటి గొట్టం మన ఇంటిముందు నిలబడ్డ పెట్రోలు కారుకీ ఉంటుంది. దాన్ని మూసేయడానికి సాలీడే రానక్కర్లేదు. దుమ్మూ బురదా చాలు.

నూనె డబ్బాకు ఒకటే చిల్లు పెడితే ఏమవుతుందో ఇల్లాళ్లకు తెలుసు. నూనె గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది. అందుకే రెండో చిల్లు పెడతారు. ట్యాంకుకూ అంతే. పెట్రోలు ఖర్చయినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అలాగని ఊరికే చిల్లు పెడితే పెట్రోలు ఆవిర్లు బయటికొచ్చి గాలిని పాడుచేస్తాయి. అందుకని మధ్యలో బొగ్గు గుళికలు నింపిన డబ్బా ఒకటి పెట్టారు. అదే చార్‌కోల్ కానిస్టర్. ఆవిర్లను బొగ్గు పట్టి ఉంచుతుంది. కారు నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే ఇంజిను వాటిని లాక్కుని కాల్చేస్తుంది. ఈ డబ్బాకు బయటి గాలి వచ్చే దారే వెంట్.

అది మూసుకుపోతే కారు ఆడే నాటకం అంతా ఇంతా కాదు. బయల్దేరినప్పుడు బంగారంలా నడుస్తుంది. ఓ గంట గడిచాక హైవే మీద జర్కులు మొదలవుతాయి. పికప్ తగ్గుతుంది, ఆగిపోతుంది. పక్కకు తీసి కాసేపు నిలిపితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది! మెకానిక్కుకు చెబితే చాలాసార్లు వచ్చే మాట 'పంపు పోయింది సార్' అనే. వేలు పోసి కొత్త పంపు వేయించాక మళ్లీ అదే కథ. పాపం, పంపు తప్పేముంది? ఊపిరాడని ట్యాంకులోంచి అది మాత్రం ఎంతకని లాగుతుంది?

పంపు మార్చేముందు ఓ చిన్న పరీక్ష ఉంది. కారు మొరాయించగానే సురక్షితమైన చోట ఆపి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని ట్యాంకు మూత మెల్లగా తిప్పాలి. గాలి భుస్సున లోపలికి పోయి, మూత పెట్టగానే కారు మామూలైతే అనుమానించాల్సింది వెంట్‌నే. ఎండలో నిలిపిన కారు మూత తీసినప్పుడు ఆవిరి బయటికి తోసుకొస్తుందే, అది వేరు. ఇక్కడ గాలి లోపలికి పోవాలి. బంకులో నాజిల్ మాటిమాటికీ టక్కున ఆగిపోవడమూ మరో గుర్తు. లోపలి గాలి బయటికి పోలేకే ఆ గోల.

మిగతాది మెకానిక్కు పని. కానిస్టర్‌కు బయటి గాలి తెచ్చే గొట్టం ఊడదీసి నడిపి చూస్తే, తేడా పోయిందా.. అడ్డు ఆ గొట్టంలోనో దాని ఫిల్టర్‌లోనో ఉన్నట్టు. శుభ్రం చేస్తే సరి. పోలేదా.. కానిస్టరే మూసుకుపోయి ఉండొచ్చు. పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయినా ఇంజిను ట్యాంకును పీల్చేస్తుంది కాబట్టి దాన్నీ చూడాలి. దాని కనెక్టర్ పీకేశాక కూడా గొట్టంలో పీల్పు ఉంటే దోషం దానిదే. వెంట్‌కు కరెంటు వాల్వ్ ఉన్న కార్లలో స్కానర్ పెడితే పి0446 అనే కోడ్ రావచ్చు. అలా వచ్చిందని వెంటనే వాల్వ్ కొనేయనక్కర్లేదు. కరెంటు లేనప్పుడు అది తెరిచే ఉండాలి, ఊది చూస్తే తెలిసిపోతుంది. గొట్టం ఊడదీయకుండా కంప్రెసర్ గాలి మాత్రం కొట్టనివ్వకండి.

అన్నట్టు, బంకులో 'రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్' అని అడుగుతారు కదా! నాజిల్ ఆగాక కూడా అలా నింపితే పెట్రోలు పొంగి కానిస్టర్‌లోకి దిగే ప్రమాదం ఉంది. బొగ్గు తడిసి పాడవుతుంది, ఆ పొడే వెంట్‌కు అడ్డం పడొచ్చు. రూపాయలు రౌండ్ చేయాలనుకుంటే ఆ అంకె ముందే చెప్పడం మేలు.

ఇంతకీ అమెరికా సాలీడు సంగతి.. 2011లో అది దూరకుండా గొట్టంలో స్ప్రింగు పెట్టారు. అయినా 2014లో మరో 42 వేల మజ్దా6 కార్లను పిలిపించాల్సి వచ్చింది. ఈసారి ఇంజినును నడిపే కంప్యూటరు ప్రోగ్రామునే మార్చారు.