వెయ్యి రోజులు, వెయ్యి బీడీలు

తల్లిపాల గురించి ఇప్పుడు కొత్త శాస్త్రం మాట్లాడుతోంది. బిడ్డ కడుపున పడ్డ నాటి నుంచి రెండేళ్ళు నిండేదాకా గడిచే ‘మొదటి వెయ్యి రోజులు’ ఆ బిడ్డ జీవితకాలపు ఆరోగ్యాన్ని నిర్ణయిస్తాయనీ, తల్లి తిన్న తిండీ, ఆమె మనసూ, ఆమె పాలూ బిడ్డ జన్యువులు పనిచేసే తీరునే మార్చేస్తాయనీ చెబుతున్నారు. పోషకాహార శిక్షణల్లో, ఆగస్టు మొదటి వారంలో జరిపే తల్లిపాల వారోత్సవాల్లో, ప్రైవేటు ఆసుపత్రుల గోడల మీద ఇవే మాటలు. ఇందులో నిజం లేకపోలేదు. కాని ఆ నిజం ప్రయోగశాల నుంచి పల్లెకు వచ్చేసరికి ‘నీ బిడ్డ జబ్బుకు నువ్వే కారణం’ అనే తీర్పుగా ఎలా మారుతోంది? ఎవరు మారుస్తున్నారు? ఈ ప్రశ్న వేసుకోకుండా మన కార్యకర్తలు ఆ మాటల్ని ఇంటింటికీ మోసుకుపోవడం ప్రమాదకరమని నా వాదన.

కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్ళలో ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టే స్త్రీలు ఎంతమందో మనకు తెలుసు. వాళ్ళలో బాలింతలూ ఉన్నారు. పరిశోధన కోసం వాళ్ళతో మాట్లాడినప్పుడు నేను పదేపదే విన్న మాట ఒకటుంది: “నా పాలల్ల సత్తువ లేదంటున్నరు.” ఎవరన్నారని అడిగితే అత్త, ఆడబిడ్డ, డాక్టరు, చివరికి శిక్షణ పొంది వచ్చిన కార్యకర్త కూడా. పాలల్లో సత్తువ గురించి తీర్పు చెప్పినవాళ్ళెవరూ ఆమె పొద్దున ఏం తిన్నదని అడగలేదు. ఆ రోజు ఇంకా ఎన్ని బీడీలు చుట్టాల్సి ఉందో అడగలేదు.

కీర్తి విత్తనానికి, నేరం నేలకు

పురుషుడు విత్తనం, స్త్రీ నేల అనే పోలిక మన పితృస్వామ్య వ్యవస్థకు ఎంత మూలస్తంభమో లీలా దూబే 1986లోనే విశ్లేషించారు. విత్తనం ఎవరిదో పంట వాళ్ళది. నేలకు పంట మీద హక్కు లేదు. బిడ్డకు జన్యువుల్లో సగం తల్లి నుంచే వస్తాయని ఆధునిక జీవశాస్త్రం నిరూపించి వందేళ్ళు దాటింది. అయినా ఇంటిపేరు, వంశం, ఆస్తి ఎవరి వైపు ఉన్నాయో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఎపిజెనెటిక్స్ వచ్చి, విత్తనం ఒక్కటే చాలదు, నేల కూడా ముఖ్యమంటోంది. దానితో నేలకు వాటా వచ్చిందా? లేదు, నేరం వచ్చింది. పిల్లవాడు చురుగ్గా ఉంటే ‘మా వంశం’. చిక్కిపోతే ‘దాని పాలు’.

ఈ భావజాలానికి పైనుంచి కూడా ఆశీస్సులున్నాయి. 2023 జూన్‌లో, అప్పటి తెలంగాణ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ సంవర్ధినీ న్యాస్ అనే సంస్థ చేపట్టిన ‘గర్భ సంస్కార్’ కార్యక్రమాన్ని ప్రారంభించి, గర్భిణులు సుందరకాండ చదవాలని సూచించారు. ఆమె స్వయంగా ప్రసూతి వైద్యురాలు. ఎవరి భక్తి వారిది, దానితో నాకు పేచీ లేదు. కాని బిడ్డ ఆరోగ్యానికీ గుణానికీ తల్లి మనసునే జవాబుదారీ చేస్తే తిండి, కూలి, విశ్రాంతి అన్న మాటలు చర్చలోంచి జారిపోతాయి. పాలపొడి కంపెనీలది మరో దారి. తల్లిపాలలోని కొన్ని ప్రత్యేకమైన చక్కెరలను కర్మాగారంలో తయారుచేసి డబ్బాలో కలిపి, ‘తల్లిపాలకు దగ్గరగా’ అంటూ అమ్ముతున్నాయి. 1992 చట్టం శిశువుల పాలపొడి ప్రకటనలను నిషేధించింది కాబట్టి అవి నేరుగా అనలేని మాటను తల్లిలోని భయం వాటి తరఫున అంటుంది.

అసలు శాస్త్రం ఏం చెప్పింది?

మన కార్యకర్తలు ఈ శాస్త్రాన్ని వదిలెయ్యాలని నేననడం లేదు. దాన్ని పూర్తిగా చదవాలంటున్నాను.

జన్యువులను వంటింటి అలమరలోని డబ్బాలనుకుందాం. డబ్బాలన్నీ పుట్టుకతోనే వస్తాయి. ఏ డబ్బా మూత తెరుచుకుంటుంది, ఏది బిగుసుకుంటుంది అన్నదాన్ని బట్టి శరీరం నడుస్తుంది. ఆ మూతల్లాంటివే ఎపిజెనెటిక్ గుర్తులు. డి.ఎన్.ఎ. మీద అతుక్కునే మిథైల్ అణువులు వాటిలో ఒక రకం. తిండి, విషపదార్థాలు, తీవ్రమైన ఒత్తిడి ఈ గుర్తులను మార్చగలవు.

పాలు పడటంలో జన్యువుల పాత్ర కూడా ఉంది. ఎఫ్.యు.టి.2 అనే జన్యువు పనిచేసే తీరును బట్టి పాలలో కొన్ని చక్కెరలు ఉండటమో లేకపోవడమో జరుగుతుంది. ఎస్.ఎల్.సి.30ఎ2 అనే జన్యువులో మార్పు ఉన్న కొద్దిమంది స్త్రీల పాలలో జింకు తక్కువగా ఉంటుంది. అప్పుడు బిడ్డకు జింకు మందు ఇస్తారు. ఈ జింకు లోపం అరుదైన సంగతి. ఊరూరా వినిపించే ‘పాలు పడలేదు’ అన్న మాటకు జన్యువులు కారణం కాదు. చాలీచాలని తిండి తినే తల్లుల పాలలో కూడా మాంసకృత్తులు పెద్దగా తగ్గవని డాక్టర్ సి. గోపాలన్ వంటి పోషకాహార శాస్త్రవేత్తలు 1950లలోనే గమనించారు. తగ్గేవి విటమిన్లు. మిగిలిన లోటును తల్లి శరీరం తన కండలోంచి, తన ఎముకలోంచి పూడుస్తుంది. అంటే తిండి లేకపోతే ముందు అరిగిపోయేది తల్లి. ఆ మాట ఏ పోస్టరు మీదా ఉండదు.

ఎపిజెనెటిక్స్‌కు అందరూ చూపే ఉదాహరణ హాలండ్. 1944–45 చలికాలంలో జర్మన్ సైన్యం ఆహార రవాణాను అడ్డుకోగా అక్కడ కరువు వచ్చింది. ఆ కరువులో కడుపున పడ్డవాళ్ళను అరవై ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే, పెరుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు వాళ్ళ తోబుట్టువులకన్నా తక్కువగా కనిపించాయని 2008లో ప్రచురించారు. ఆ రాత రాసింది తల్లులా, సైన్యమా?

మన దగ్గరి ఉదాహరణలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. పూణే దగ్గరి ఆరు పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993లో మొదలుపెట్టిన అధ్యయనం, మన పిల్లలు తక్కువ బరువుతో పుట్టినా ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువగా ఉంటుందనీ, పెద్దయ్యాక మధుమేహానికి అది దారి కావచ్చనీ చూపింది. దీన్ని అందరూ ఉటంకిస్తారు. అదే అధ్యయనం ఇంకో సంగతి కూడా చెప్పింది: గర్భిణిగా ఉన్నప్పుడు పొలం పనీ నీళ్ళు మోసే పనీ ఎక్కువగా చేసిన స్త్రీల బిడ్డలు చిన్నగా పుట్టారు. దీన్ని ఎవరూ ఉటంకించరు. ఎందుకంటే దాని అర్థం పని తగ్గించాలని, అంటే ఆ పని ఇంకెవరో చెయ్యాలని.

ఇక హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల కథ. 1987–90 మధ్య వాటిలో 15 పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు మొక్కజొన్న–సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగిలిన 14 పల్లెలకు పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్ళు వచ్చాక 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువగా బిగుసుకున్నాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితాలను ప్రచురించింది. ఆ తల్లులకు ఎవరూ నీతులు చెప్పలేదు. తిండి పెట్టారు.

పాలే తలరాత అనే అతిశయోక్తికి కూడా జవాబుంది. బెలారస్‌లో 1996–97లో 17,046 మంది తల్లీబిడ్డలతో మొదలైన అధ్యయనంలో, తల్లిపాలను బాగా ప్రోత్సహించిన ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలకు మొదటి ఏడాది విరేచనాలు తగ్గాయి. ఇది ప్రాణాలు నిలిపే మేలు. కాని పదకొండున్నరేళ్ళ వయసులో చూస్తే స్థూలకాయంలో తేడా కనిపించలేదు. తండ్రి తిండీ, పొగా వీర్యకణాల మీది గుర్తులను మారుస్తాయని జంతువుల మీద చేసిన ప్రయోగాలు చూపుతున్నాయి. ‘తండ్రి వెయ్యి రోజులు’ అని పోస్టరు వేసినవారున్నారా? తల్లులను నిందించడం ఆపమని 2014లో సారా రిచర్డ్‌సన్, ఆమె తోటి పరిశోధకులు ‘నేచర్’ పత్రికలోనే రాయవలసి వచ్చింది.

చాట పక్కన బాలింత

ఇప్పుడు ఈ శాస్త్రాన్ని కామారెడ్డి, ఎల్లారెడ్డిలకు తెచ్చి చూద్దాం. బీడీకి కూలి వెయ్యికి ఇంత అని కడతారు. ఒక్క రోజు చాట పక్కన పెడితే ఆ రోజు కూలి లేదు. బిడ్డకు పాలిచ్చే అరగంట కూడా కూలిలోంచి పోయే అరగంటే. ఇంట్లో నిండా పొగాకు దుమ్ము. ఈ స్త్రీలు పొగతాగరు. అయినా బీడీ కార్మికుల మూత్రంలో నికోటిన్ అవశేషాలు ఉన్నాయని ముంబై కేన్సర్ పరిశోధకులు ఏనాడో చూపారు. నికోటిన్ పాలలోకి చేరుతుంది. పొగతాగే తల్లుల నవజాత శిశువుల్లో మిథైల్ గుర్తులు మారి ఉన్నాయని 2012లో నార్వే అధ్యయనం చెప్పింది. అక్కడ ‘సిగరెట్ మానండి’ అని తల్లికి సలహా ఇవ్వవచ్చు. ఇక్కడ ‘బీడీలు మానండి’ అంటే తిండి మానమని కాదా?

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ప్రసూతి ప్రయోజనాన్ని ఇంటి దగ్గర చుట్టే స్త్రీలకు కూడా వర్తింపజేసింది. ఆ హక్కు గురించి ఎవరైనా తమకు చెప్పారా అని నేనడిగిన స్త్రీలు నవ్వి ఊరుకున్నారు. 2025 నవంబర్ 21న కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి రావడంతో ఆ చట్టమే రద్దయింది. కొత్త సాంఘిక భద్రతా స్మృతి గృహాధారిత కార్మికులను అసంఘటిత కార్మికుల్లో చేర్చి, వాళ్ళ ప్రసూతి ప్రయోజనాలను ప్రభుత్వం ప్రకటించే పథకాలకు వదిలింది. ఆఫీసు ఉద్యోగినికి 26 వారాల జీతంతో సెలవు హక్కు. బీడీ కార్మికురాలికి పథకం వస్తే వచ్చినట్టు. ఇద్దరి బిడ్డల జన్యువులకూ వెయ్యి రోజులే కదా?

ఆసుపత్రి సంగతి చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో అయితే 81.5 శాతం. పుట్టిన గంటలోపు ముర్రుపాలు తాగిన బిడ్డలు 37.1 శాతమే. ఆపరేషను చేసి, తల్లిని ఒక గదిలో, బిడ్డను ఇంకో గదిలో పెట్టి, తర్వాత ‘ఈమెకు పాలు పడలేదు’ అని రాస్తే అది ఎవరి లోపం? అదే సర్వేలో 57.6 శాతం స్త్రీలకు, అయిదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత ఉంది. ఇన్ని లక్షల మందికి ఒకేసారి జన్యువులు చెడిపోవు.

గర్భానికి కిట్టు, మరి స్త్రీకి?

2022 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం తొమ్మిది జిల్లాల్లో గర్భిణులకు పోషకాహార కిట్లు మొదలుపెట్టింది. వాటిలో కామారెడ్డి ఒకటి. పోషకాల పొడి, ఖర్జూరం, నెయ్యి, ఐరన్ సిరప్ ఇచ్చారు. ఇవ్వడం మంచిదే. కాని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా 350 కేలరీలు కావాలి, మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి 600 కావాలి. ఎక్కువ అవసరమైనది కాన్పు తర్వాత. మన ఇళ్ళలో పత్యం పేరుతో తిండి కోసేదీ అప్పుడే. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి భోజనం, పాలు, గుడ్డు బాలింతకు ఇవ్వవలసిందే అయినా అది అంగన్‌వాడీకి వచ్చి తినే భోజనం, పైగా ఆరు నెలలకే పరిమితం. చాట వదిలి వెళ్ళిన గంటకు కూలి ఎవరిస్తారు? గర్భంలో బిడ్డ ఉన్నంతసేపే స్త్రీ ప్రభుత్వానికి కనబడుతుంది.

కాబట్టి వెయ్యి రోజుల గురించి మాట్లాడే ప్రతి వేదిక మీదా మనం ఈ డిమాండ్లు పెట్టాలి.

ఇంటి దగ్గర బీడీలు చుట్టే స్త్రీకి 26 వారాలు, ఆమె సగటు కూలి లెక్కన ప్రసూతి వేతనం కావాలి. దాని భారం కంపెనీలు, ప్రభుత్వం మొయ్యాలి.

2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ, బాలింతకూ కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలంది. ఎన్నో కాన్పు అన్న షరతు లేకుండా అది అందాలి.

ఆరోగ్యలక్ష్మి భోజనం బిడ్డకు రెండేళ్ళు నిండేదాకా కొనసాగాలి. తండాల్లో, దూరపు వాడల్లో ఇంటికి చేరాలి.

ఇంట్లోకి పొగాకు దుమ్ము రాకుండా ఊరికో పనిషెడ్డు, దాని పక్కనే పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి.

ప్రతి ఆసుపత్రి సిజేరియన్ల లెక్క బహిరంగపరచాలి. పుట్టిన మొదటి గంట బిడ్డ తల్లి దగ్గరే ఉండాలి.

చివరిది మనకు మనం పెట్టుకోవలసిన డిమాండు. మన సంస్థల శిక్షణా పుస్తకాలను ఒకసారి తిరగేయండి. ‘తల్లి’ అన్న మాట ఎన్నిసార్లు ఉంది, ‘కూలి’ అన్న మాట ఎన్నిసార్లు ఉంది, ‘తండ్రి’ అన్న మాట అసలు ఉందా అని లెక్కపెట్టండి. ఈసారి బాలింత ఇంటికి వెళ్ళినప్పుడు పాలెలా ఉన్నాయని అడిగేముందు ఆమె ఏం తిన్నదో, ఎంత నిద్రపోయిందో, ఇవాళ ఎన్ని బీడీలు చుట్టాలో అడిగి రాసుకోండి. అలా రాసిన కాగితాలు ఊరూరా పోగుచేస్తే మనకు కావలసిన సాక్ష్యం అదే. దాన్ని తీసుకుని కలెక్టరేట్‌కు, కంపెనీ గేటు దగ్గరికి పోదాం.