ఆసుపత్రి ద్వారమున కీవల

రోగము ఆసుపత్రి ద్వారముకడ ప్రారంభము కాదు. నట్టింటనో, నడివీధినో, పొలముగట్టుననో అది మనుష్యుని బడవైచును. అచ్చటినుండి ఆ ద్వారమువరకు గల దూరమే పెక్కుసారులు చావుబ్రతుకులను నిర్ణయించును. బీమా కంపెనీలు మాత్రము ఆ దూరమును చికిత్సలో భాగముగా గాక చిల్లర పద్దుగా నెంచుచున్నవి.

2020 ఏప్రిలు 1వ తేదీనుండి బీమా నియంత్రణ సంస్థ యాజ్ఞపై కంపెనీలు అమ్మజొచ్చిన 'ఆరోగ్య సంజీవని' పాలసీనే చూడుడు. అది సామాన్యునికొరకు రచించిన మాదిరి పత్రము. అంబులెన్సునకై ఒక్కొక్క ఆసుపత్రి ప్రవేశమునకు 2000 రూపాయలకు మించి యీయరాదని అందు వ్రాసిరి. ప్రవేశమనగా సాధారణముగా ఎడతెగక 24 గంటలు లోపలి రోగిగా నుండుట. బండి యెంత దూరము వచ్చెను, అందు ప్రాణవాయువు గలదా, వైద్యసహాయకు డుండెనా యను ప్రశ్నయే లేదు.

ఈ షరతును న్యాయవాది కన్నులతో చదివినచో తేలునదేమి? త్రోవలోనే ప్రాణము పోయినచో ప్రవేశము లేదు. ప్రవేశము లేదు గనుక బాడుగయు లేదు! వైద్యుడు పరీక్షించి నాలుగు గంటలలో ఇంటికి బంపినను గతి యిదియే. వచ్చినది గుండెనొప్పియో అజీర్ణమో తేల్చుకొనుటకు రోగి వైద్యుడు కాడు గదా! 'కొంచెము వేచిచూడుము' అని యీ నిబంధన వానికి బోధించుచున్నది. ఆ వేచియుండుటయే ప్రాణాంతకము.

108 కలదు గదా యని కొందరందురు. 2005 ఆగస్టు 15న హైదరాబాదున నారంభమైన ఆ యుచితసేవ మనకు గర్వకారణమే. కాని దాని వ్యయము ప్రజల పన్నులది. ప్రీమియము పుచ్చుకొన్నవాడు తన భారమును ప్రజల బొక్కసముపైకి నెట్టుట ధర్మమా? సమీపపు వైద్యుడు 'పెద్ద పట్టణమునకు గొనిపొండు' అన్ననాడు, బంధువులు పెక్కుసారులు ప్రైవేటు బండివానినే ఆశ్రయింపవలసివచ్చును.

బండివారు అధికముగా గుంజుదురని కంపెనీల వాదము. అట్లయిన ధర నిర్ణయింపవచ్చును. 2021లో కోవిడు విజృంభించినప్పుడు ఢిల్లీ ప్రభుత్వ మాపని చేసెను. వైద్యుడు గల అంబులెన్సునకు మొదటి 10 కిలోమీటర్లకు 4000 రూపాయలు, ఆపైని కిలోమీటరునకు 100 రూపాయలు హద్దుగా విధించెను. అనగా ప్రభుత్వమే న్యాయమని యొప్పుకొన్న బాడుగలో సగమే ఆ పాలసీ యిచ్చునది!

సకాలమున వైద్యసహాయము జీవించు హక్కులోనిదని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. రోగులను జేర్చుటకు అంబులెన్సులుండవలెననియు నాదేశించెను. ప్రభుత్వమునకు విధియైనది, ధనము గైకొన్న కంపెనీకి దయాధర్మ మెట్లగును?

కావున నియంత్రణ సంస్థ చేయవలసినవి మూడు: బాడుగను దూరమునుబట్టియు బండి తరగతినిబట్టియు నిర్ణయించుట, ప్రవేశముతో నిమిత్తము లేక అత్యవసర ప్రయాణమునకు చెల్లింపజేయుట, ఆసుపత్రి బిల్లువలె దానినిగూడ కంపెనీచే నేరుగా ఇప్పించుట.

పాఠకులారా, నేడే మీ పాలసీని విప్పి అంబులెన్సు పంక్తిని చదువుడు. ఆపద వచ్చినరాత్రి దానిని చదువుటకు తీరిక యుండదు.